చచ్చిపోయిన రీడర్‌లో చెరగని సగం పేజీ

మా టేబుల్ సొరుగులో చచ్చిపోయిన ఈ-రీడర్ (పుస్తకాలు చదవడానికే చేసిన చిన్న పలక) ఒకటి ఉంది. బ్యాగులో రెండు లావు పుస్తకాల మధ్య దాన్ని పెట్టి, ఆ బ్యాగు మీద ఇంకో బరువైన బ్యాగు పడేశాను, అంతే, పైన ఒక్క గీత కూడా పడలేదు గానీ లోపల గ్లాసు పగిలింది. తీసి చూస్తే నేను చదువుతూ ఆపిన పేజీలో పై సగం అలాగే ఉంది, కింది సగం అంతా చారలు. ఇది జరిగి ఐదేళ్ళు దాటింది. బ్యాటరీ ఎప్పుడో అడుగంటింది, ఛార్జర్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. ఆ సగం పేజీ మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది, కాస్త వెలిసినట్టున్నా చదువుకోవచ్చు. చివరి లైను "ఆమె తలుపు తీసి చూసేసరికి" దగ్గర తెగిపోయింది.

మొన్న మా బావ పెన్ను కోసం ఆ సొరుగు తీసి దీన్ని చూశాడు. ముందు ఆన్‌లో ఉందనుకున్నాడు. అది పోయి ఐదేళ్ళయింది బావా అంటే నమ్మలేదు, బటన్ నొక్కి నొక్కి చూసి, వెనక్కి తిప్పి చూసి, చివరికి స్టిక్కరేమో అని గోరుతో గీకాడు కూడా. (నవ్వకండి, కొత్త రీడర్ డబ్బా తెరవగానే స్క్రీన్ మీద ఉండే బొమ్మని ప్లాస్టిక్ కాయితం అనుకుని ఊడబీకబోయినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో నేనూ ఒకణ్ణి.) ఆ తర్వాత అసలు దాడి మొదలుపెట్టాడు. "ఒరేయ్, అంత డబ్బు పోసి పుస్తకం తప్ప ఇంకేం చూడ్డానికి పనికిరాని వస్తువు దేనికిరా? ట్యాబ్ కొనుక్కుంటే పుస్తకమూ చదువుకోవచ్చు, సినిమా చూడొచ్చు, మెయిల్ చూసుకోవచ్చు. రంగులుంటాయి, చకచకా కదుల్తుంది."

నేను పదేళ్ళుగా అందరికీ చెప్పే జవాబే చెప్పా. కళ్ళకి మంచిది బావా, అన్నాను.

"ఎవరన్నారు?"

ఆ ప్రశ్న కొంచెం గుచ్చుకుంది, ఎందుకంటే ఎవరన్నారో నాకూ తెలీదు. ఆలోచిస్తే అమ్మేవాళ్ళే అన్నారు, నేను నమ్మాను, తర్వాత వాళ్ళ తరఫున జీతం లేకుండా ప్రచారం చేస్తూ వచ్చాను. ఆ రాత్రి కూర్చుని వెతికితే నా వాదన అనుకున్నంత గట్టిగా లేదు. 2012లో ఎల్‌సీడీ (ట్యాబుల్లో ఉండే, వెనక నుంచి వెలిగే తెర) మీదా ఈ-ఇంక్ (నా రీడర్లో ఉండే తెర) మీదా చాలాసేపు చదివించి అలసట కొలిచిన ఒక అధ్యయనంలో రెంటికీ పెద్ద తేడా కనపడలేదు, తెర ఏ టెక్నాలజీ అన్నదాని కన్నా అక్షరం ఎంత స్పష్టంగా ఉందన్నదే ముఖ్యం అని తేల్చారు. మరుసటి ఏడు, 2013లో, ఇంకొకళ్ళు కొలిస్తే ఎల్‌సీడీ మీద అలసట ఎక్కువ, ఈ-ఇంక్ కాగితానికి దగ్గరగా ఉంది అని వచ్చింది. అంటే పందెం సమానం.

నిద్ర సంగతి ఇంకా తమాషా. 2014 చివర్లో బోస్టన్ పరిశోధకులు ఒక పేపర్ వేశారు, పడుకునే ముందు ఈ-రీడర్ మీద చదివితే మెలటోనిన్ (నిద్ర తెప్పించే హార్మోను) తగ్గుతుంది, నిద్ర ఆలస్యంగా పడుతుంది అని, పత్రికలన్నీ ఈ-రీడర్లు నిద్ర చెడగొడతాయని రాసేశాయి. పేపర్ తెరిచి చూస్తే వాళ్ళు వాడింది ఐప్యాడ్, అదీ ఫుల్ బ్రైట్‌నెస్‌లో, అదీ 12 మంది మీద. ఈ-ఇంక్ అందులో లేనే లేదు. అంటే ఈ తెరని తిట్టినవాళ్ళు వేరే తెర గురించి మాట్లాడారన్నమాట.

సరే, నా అంతట నేను లెక్క వేద్దామని కూర్చున్నా. ఈ-పేపర్‌కి, అంటే ఈ-ఇంక్ లాంటి తెరలకి, సొంత వెలుగు లేదు, మీద పడ్డదే వెనక్కి పంపాలి. మంచి నలుపు-తెలుపు తెర కూడా పడ్డ వెలుగులో సుమారు 40–45 శాతమే తిరిగి పంపుతుంది, ప్రింటర్లో వేసుకునే తెల్ల కాయితం అయితే 80 శాతం దాకా పంపుతుంది. రాత్రి గదిలో బల్బు వెలుగు పేజీ మీద 200 లక్స్ (మీద పడే వెలుగుకి కొలత) పడుతోందనుకోండి, తెరలోని తెలుపు సుమారు 25 నిట్స్‌తో (కంటికి కనపడే వెలుగుకి కొలత) కనపడుతుంది, కాయితం 50తో. ఫోను ఏమాత్రం వెలుగు పెంచినా 100 దాటిపోతుంది. ఇప్పుడు అదే తెరని మిట్టమధ్యాహ్నం ఎండలోకి తీసుకెళ్ళండి, అక్కడ లక్ష లక్స్ పడుతుంది, 40 శాతమే తిరిగొచ్చినా 12 వేల నిట్స్ పైమాటే, ఏ ఫోనూ దాని దరిదాపుల్లోకి రాదు. అంటే ఈ తెర ఎండలో రాజు, ఇంట్లో పేద. మనం చదివేదేమో చాలావరకు ఇంట్లో, రాత్రిపూట.

తయారీదార్లకి ఇది ముందునుంచీ తెలుసు. 2012 నుంచి ఫ్రంట్ లైట్ మామూలైపోయింది, తెర అంచుల్లో చిన్న చిన్న ఎల్‌ఈడీలు పెట్టి, ఆ వెలుగుని తెర మీద పరిచిన పారదర్శక పొర గుండా కిందికి, ఇంకు వైపుకి వంచుతారు, అది ఇంకు మీద పడి మళ్ళీ పైకొస్తుంది. అందంగా ఉంటుంది, నేనూ వాడతాను. కానీ నిజం ఒప్పుకోవాలంటే రాత్రి పన్నెండింటికి నా రీడర్ కూడా ఎల్‌ఈడీ వెలుగునే నా కళ్ళలోకి పంపుతోంది, ఫోనులో తిన్నగా వచ్చేది ఇక్కడ చుట్టు తిరిగి వస్తోంది, అంతే తేడా. ఎంత తగ్గించుకోగలను అన్నది నా చేతిలో ఉంది, అదొక్కటే ఊరట.

అయితే నేను దీన్ని ఎందుకు వదల్లేకపోతున్నాను? ఎందుకంటే ఫోనులో మొదలుపెట్టిన నవలల్లో పూర్తి చేసినవి నాకు గుర్తున్నంతలో రెండు, ఈ రీడర్లో పూర్తి చేసినవి లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. చదివే మనిషి ఒకడే, అక్షరాలూ అవే. దీనికి కారణం కళ్ళలో వెతికితే దొరకలేదు. సొరుగులో ఉన్న ఆ సగం పేజీలో దొరికింది.

ఆ తెర లోపల ఏముందో కాస్త చెప్తా, ఎందుకంటే నా వాదనంతా దాని మీదే నిలబడింది. సుమారు వెంట్రుక మందం ఉండే గుళికలు లక్షల కొద్దీ ఉంటాయి, ఒక్కో దాని లోపల పారదర్శకంగా ఉండే నూనెలాంటి ద్రవం, అందులో తెల్ల రేణువులూ నల్ల రేణువులూ. తెల్లవి టైటానియం డయాక్సైడ్, గోడలకేసే తెల్ల పెయింట్‌లో ఉండేదే. రెంటికీ వ్యతిరేక ఛార్జి ఉంటుంది, కింద ఎలక్ట్రోడుకి 15 వోల్టులు ఇటో అటో ఇస్తే ఒక రంగు పైకి తేలుతుంది, రెండోది అడుక్కి పోతుంది. వోల్టేజి తీసేస్తే ఎక్కడివక్కడే. పైకి తేలిన రేణువు అక్కడే కూర్చుంటుంది, దాన్ని అక్కడ కూర్చోబెట్టడానికి మళ్ళీ కరెంటు అక్కర్లేదు. ఫోను తెర అలా కాదు, మీరు కదలని పేజీని చూస్తున్నా చాలా ఫోన్లలో అది సెకనుకి 60 సార్లో 120 సార్లో ఆ పేజీని మళ్ళీ మళ్ళీ గీస్తూనే ఉంటుంది. బ్యాటరీ పోయిన క్షణాన ఫోను పేజీ మాయమైపోతుంది. నా విరిగిన రీడర్ పేజీకి ఆ సంగతి తెలియనే తెలియదు.

ఈ తెరలో ఒక పేజీ ఉండటం ఉచితం, మారడానికే ఖర్చు. ఫోనులో మారడం ఉచితం, ఉండటానికి ఖర్చు. నా దృష్టిలో మిగతా తేడాలన్నీ దీని పిల్లలే. మారడం ఉచితమైన చోట అన్నీ మారతాయి. పైనించి నోటిఫికేషన్ జారుతుంది, పక్కన ఏదో మిణుకుమంటుంది, వేలు ఊరికే కిందికీ పైకీ రుద్దుతుంది, అక్షరాలు ఆ వేలితో పాటు పారిపోతాయి. మారడానికి ఖర్చయ్యే చోట, అంటే పేజీ తిప్పడానికి అరక్షణం పట్టే చోట, ఎవడూ ఊరికే దేన్నీ కదిలించడు. రీడర్లో స్క్రోలింగ్ ప్రయత్నించినవాళ్ళకి తెలుస్తుంది అదెంత నరకమో, అందుకే అందులో ఇంకా పేజీ బతికుంది. నేను ఒక పేజీ ముందు కూర్చుంటే ఆ పేజీ నా ముందు కూర్చుంటుంది.

ఇది ఎవరో తెలివిగా ప్లాన్ చేసింది కాదు, అది కూడా చెప్పాలి. ఆ తెర అలా కదల్లేకపోవడం దాని లోపం, దాన్ని తయారుచేసినవాళ్ళు మొదట్నించీ ఆ లోపాన్ని పోగొట్టడానికే కుస్తీ పడుతున్నారు. 1970లలో జెరాక్స్ వాళ్ళ పాలో ఆల్టో ల్యాబ్‌లో నిక్ షెరిడాన్ అనే ఆయన ఒకవైపు నలుపు ఒకవైపు తెలుపు ఉన్న చిన్న చిన్న పూసలు తిరిగే తెర చేశాడు, జైరికాన్ అని పేరు పెట్టాడు. 1990లలో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జోసెఫ్ జాకబ్సన్, ఆయన దగ్గర పనిచేసిన ఇద్దరు డిగ్రీ విద్యార్థులు, బారెట్ కోమిస్కీ, జేడీ ఆల్బర్ట్, ఈ గుళికల దారి పట్టారు. 1997లో ఈ-ఇంక్ కంపెనీ పెట్టారు, 1998లో నేచర్ పత్రికలో పేపర్ వేశారు. ఇద్దరు కుర్రాళ్ళు ఇంకా డిగ్రీ చేస్తూ ఈ పని చేశారన్నది నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. 2009లో ఆ కంపెనీని ఒక తైవాన్ సంస్థ కొనేసింది, ఇవాళ రీడర్ల తెరల్లో చాలా భాగం ఆ ఒక్క ఇంటి నుంచే వస్తాయి.

2004లో సోనీ జపాన్‌లో లిబ్రియే అని ఒక రీడర్ వదిలింది, ఈ ఇంకుతో మార్కెట్లోకి వచ్చిన మొదటి పుస్తకాల యంత్రం అదే. 6 అంగుళాలు, 800 ఇంటూ 600. తెర చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. కానీ దానికి కొన్న పుస్తకాలు 60 రోజులకి పనిచెయ్యడం మానేసేవి! కరెంటు లేకుండా అక్షరాన్ని అట్టే పట్టుకోగల తెరని కనిపెట్టి, దాని మీద రెండు నెలలకి ఆవిరైపోయే పుస్తకం అమ్మారు. ఈ సంగతి మళ్ళీ చివర్లో అవసరం పడుతుంది, గుర్తుపెట్టుకోండి. 2007 నవంబర్లో అమెజాన్ వాళ్ళ రీడర్ కిండిల్ వచ్చింది, 399 డాలర్లు, ఉన్న సరుకంతా ఐదున్నర గంటల్లో అయిపోయింది. దానికి ఉన్నవి నాలుగే నాలుగు ఛాయలు, నలుపు, తెలుపు, మధ్యలో రెండు బూడిద. పేజీ తిప్పితే తెర మొత్తం ఒకసారి నల్లగా మెరిసేది, జనం దాన్ని చూసి పాడైందేమో అనుకునేవాళ్ళు.

ఆ నల్ల మెరుపు ఎందుకో కూడా తెలుసుకోవాలి. పాత పేజీలోని రేణువులు పూర్తిగా కదలకుండా కొన్ని మిగిలిపోతే కొత్త పేజీ వెనక పాత పేజీ నీడలా కనపడుతుంది, దెయ్యం పట్టినట్టు. అందుకే అన్నిట్నీ ఒకసారి ఇటూ అటూ తోసి మొదటికి తెచ్చి అప్పుడు కొత్త పేజీ వేస్తారు. బూడిద నుంచి ఇంకో బూడిదకి వెళ్ళాలంటే ఎన్ని తోపులు, ఎంతసేపు, అని లోపల ఒక పట్టిక ఉంటుంది, ఆ పట్టిక ఉష్ణోగ్రతని బట్టి మారుతుంది కూడా, ఎందుకంటే చలికి ఆ ద్రవం చిక్కబడి రేణువులు బద్ధకిస్తాయి. బాగా చలిగా ఉన్నచోట పేజీ తిప్పితే నీరసంగా తిరుగుతుంది. ఒక యంత్రానికి కూడా చలికి బద్ధకం రావడం నాకు చాలా నచ్చింది, ఎందుకో చెప్పలేను.

ఆ తర్వాత మెరుపు తగ్గించారు, 16 ఛాయలు తెచ్చారు, 167 పీపీఐ (అంగుళానికి పట్టే చుక్కలు, అంటే పిక్సెళ్ళు) ఉన్నది 212 అయింది, 2014కల్లా 300 అయింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే తెలుగు చదివేవాళ్ళకి ఈ 300 అన్నది చిన్న సంగతి కాదు. ద, ధ, థ పక్కపక్కన రాసి చూడండి. ధకి కింద చిన్న గీత, థకి ఆ గీతతో పాటు పొట్టలో ఒక చుక్క. ప, ఫల మధ్య తేడా కూడా అంతే, చీమ కాలంత గీత. 167 పీపీఐలో 12 పాయింట్ల అక్షరానికి దక్కేది 28 పిక్సెళ్ళ ఎత్తు, ఆ ఎత్తులోనే పైన తలకట్టో గుడో, మధ్యలో అక్షరం, కింద ఒత్తు, "రాష్ట్రం" లాంటి మాటొస్తే ఒత్తు కింద ఇంకో ఒత్తు, అన్నీ ఇరుక్కోవాలి. ఆ చిన్న గీతకి మిగిలేది ఒక పిక్సెలో ఒకటిన్నరో, అదీ బూడిద రంగులో. 300లో అదే అక్షరానికి 50 పిక్సెళ్ళు. పాత తెర మీద తెలుగు చదువుతుంటే అర్థాన్ని బట్టి అక్షరం ఊహించుకునేవాణ్ణి, 300 వచ్చాక అక్షరాన్ని బట్టి అర్థం తెలుసుకోవడం మొదలైంది. ఈ తెరకి జరిగిన మేలుల్లో నిజమైన మేలు నా లెక్కలో ఇదొక్కటే, దీని తర్వాత వచ్చినవన్నీ అనుమానించదగ్గవే.

రంగు సంగతికి వస్తా, నేను మోసపోయిన చోటు అది. రెండేళ్ళ కింద రంగుల రీడర్ ఒకటి కొన్నాను, ఏ కంపెనీదో వద్దులెండి. డబ్బా మీద బొమ్మలో పుస్తకాల అట్టలు పూలతోటలా ఉన్నాయి. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే ఆ పూలతోట మీద దుమ్ము పడ్డట్టుంది. సరే అట్టలు ఎలా ఉంటే ఏం, నాకు కావల్సింది లోపలి పేజీ కదా అని నవల తెరిచాను. తెలుపు తెల్లగా లేదు. పాత రీడర్ పక్కన పెట్టి చూస్తే కొత్తది ఉతక్కుండా కట్టుకున్న పంచెలా ఉంది. అక్షరాల చుట్టూ సన్నటి ఇసక చల్లినట్టు ఏదో.

కారణం ఏంటంటే, ఇప్పుడు ఎక్కువ రీడర్లలో రంగు వచ్చే పద్ధతిలో కింద ఉన్నది మామూలు నలుపు-తెలుపు ఇంకే, దాని మీద ఎరుపు ఆకుపచ్చ నీలం ఫిల్టర్ పొర ఒకటి పరుస్తారు. వెలుగు లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి, రెండుసార్లు ఆ పొర దాటాలి. ఎర్ర ఫిల్టర్ ఎరుపుని వదిలి మిగతాది మింగేస్తుంది, ఫిల్టర్ పని అదే. ముందే చెప్పాను కదా, పడ్డ వెలుగులో 40 శాతం వెనక్కి వస్తుందని, ఆ ఉన్న కాస్తలో ఇది మళ్ళీ కోత పెడుతుంది. కోత తగ్గిద్దామని ఫిల్టర్‌ని పలచగా వేస్తే రంగు వెలిసిపోతుంది, రంగు చిక్కగా ఉండాలంటే పేజీ చీకటవుతుంది. రెండిట్లో ఏదో ఒకటి పోవాల్సిందే. 300 పీపీఐ అని రాస్తారు, అది నలుపు-తెలుపుకి, రంగుకి వచ్చేసరికి 150.

దాంతో ఏమైందంటే పట్టపగలు కిటికీ పక్కన కూర్చుని కూడా ఫ్రంట్ లైట్ వేసుకోవాల్సొచ్చింది. ఆలోచించండి, ఈ తెర మిగతా తెరలన్నిట్నీ ఓడించేది ఎక్కడ, గదిలోకి వచ్చే వెలుగుతోనే బతకగలిగే చోట. దాన్ని అమ్ముకుని మనం కొన్నదేంటి, నెలకోసారి చూసే నవల అట్ట బొమ్మ. కామిక్స్ చదివేవాళ్ళకి, పిల్లల పుస్తకాలకి, పాఠాల్లో రంగు పటాలకి ఇది పనికొస్తుంది, కాదనను, వాళ్ళు కొనుక్కోవాలి కూడా. కానీ కథలూ వ్యాసాలూ చదివేవాడికి ఇది దండగ. నేను మూడు నెలలు మొండికేసి వాడి, పాత నలుపు-తెలుపుదానికే తిరిగొచ్చాను.

ఫిల్టర్ లేకుండా రంగు చేసే పద్ధతి కూడా ఉంది, గ్యాలరీ 3 అంటారు, రేణువులే నాలుగు రకాలు, సియాన్, మెజెంటా, పసుపు, తెలుపు. రంగులు బాగుంటాయి. కానీ నాలుగు రకాల రేణువుల్ని వరసలో నిలబెట్టాలంటే టైం పడుతుంది, నాణ్యమైన రంగు కావాలంటే ఒక పేజీకి ఒకటిన్నర సెకను. నాకేమో అది నిజాయితీగల బేరం అనిపిస్తుంది, బయట మాత్రం దాన్ని చూసి "ఇంత స్లోనా" అని పెదవి విరిచేవాళ్ళే ఎక్కువ.

ఈ వేగం పిచ్చి ఇప్పటిది కాదు. ఫోను చిప్‌లు చేసే క్వాల్‌కామ్ వాళ్ళు మిరసోల్ అని ఒక తెర చేశారు, సీతాకోకచిలుక రెక్కలో రంగు ఎలా పుడుతుందో ఆ సూత్రంతో, వీడియో కూడా ఆడేది. 2011లో దాంతో ఒక కొరియన్ రీడర్ వచ్చింది, మరుసటేడే క్వాల్‌కామ్ తెర తయారీ నుంచి తప్పుకుంటున్నామంది. లిక్వావిస్టా అని ఇంకోటి, రంగు నూనె చుక్కని కరెంటుతో పక్కకి జరిపే పద్ధతి, అదీ వీడియో వేగం అందుకునేదే. ఫిలిప్స్ నుంచి పుట్టి శాంసంగ్ చేతికెళ్ళి 2013లో అమెజాన్ చేతికొచ్చింది, 2018లో మూతపడింది. ఎన్ని కారణాలున్నా నాకు కనపడేది ఒకటే, కదిలే తెర కావల్సినవాడి జేబులో ఫోను ఉంది. ఆ పోటీలో దిగిన ఈ-పేపర్ ఏదైనా ఎప్పుడూ రెండో స్థానంలోనే ఉంటుంది. దిగకుండా ఒక మూల నెమ్మదిగా కూర్చున్న ఆ నల్ల తెల్ల గుళికలే ఇరవై ఏళ్ళుగా బతుకుతున్నాయి.

ఇప్పుడు మళ్ళీ అదే పాట ఇంకో రాగంలో వస్తోంది. ఆండ్రాయిడ్ పెట్టిన రీడర్లు, ఫాస్ట్ మోడ్, సూపర్ ఫాస్ట్ మోడ్. ఆ మోడ్‌లో చేసేదేంటంటే బూడిద ఛాయల్ని వదిలేసి, రేణువుల్ని పూర్తిగా సర్దకుండా నలుపు-తెలుపు మధ్య గబగబా తోసెయ్యడం. అక్షరం అంచులు రంపంలా అవుతాయి, పాత పేజీ నీడలు పేరుకుంటాయి. దీని కోసం యాప్ స్టోర్ పెట్టి, దాంట్లో మెసేజులు పెట్టి, వీడియో పెట్టి, చివరికి అన్నిటికన్నా నాసిరకం ఫోను ఒకటి తయారుచేశారు. మా స్నేహితుడొకడు అలాంటిది కొని మురిసిపోయాడు, "ఇందులో అన్నీ వస్తాయిరా" అని. నెల తర్వాత అడిగితే ఏ పుస్తకం చదివావు అని, వాడు ఇప్పటికీ ఏ లాంచర్ (మొదటి తెరని నడిపే యాప్) పెడితే బ్యాటరీ తక్కువ తింటుందో చెప్తున్నాడు.

నా వైపు లోపాలు లేవని కాదు. స్కాన్ చేసిన పాత పుస్తకాల పీడీఎఫ్ 6 అంగుళాల తెర మీద చదవడం శిక్ష. పేజీ మొత్తం చూస్తే అక్షరం ఆవగింజ, పెద్దది చేస్తే లైను సగంలో తెగుతుంది, అటు జరుపు ఇటు జరుపు, జరిపినప్పుడల్లా ఆ నల్ల మెరుపు. అక్కడ నేను సిగ్గుపడకుండా ట్యాబ్ తీస్తాను. ముందు పేజీలకీ వెనక పేజీలకీ తిరుగుతూ చదవాల్సిన పుస్తకాలు, వ్యాకరణం, చరిత్ర, పదకోశాలు, వీటికి కూడా రీడర్ చేతకాదు. అచ్చు పుస్తకంలో వేలు పెట్టి పట్టుకుని ఇంకోచోట చూసొస్తాం, ఇందులో వేలు పెట్టడానికి చోటు లేదు. ఇంకోటి, ఆ గ్లాసు. ఇంకు పొర వంగుతుంది గానీ దాని కింద ఒక్కో చుక్కకి కరెంటు ఇచ్చే ట్రాన్సిస్టర్లు ఉండేది పలచటి గాజు మీద, నా రీడర్ ప్రాణం తీసింది అదే. గాజు బదులు ప్లాస్టిక్ మీద చేసిన తెరలు వచ్చి చాలా ఏళ్ళయింది, కానీ ఇప్పటికీ చాలా రీడర్లలో గాజే. వేగం మీదా రంగు మీదా పెట్టిన బుద్ధిలో పావు వంతు ఈ గాజు మీద పెట్టుంటే నా బోటివాళ్ళ సొరుగుల్లో ఇన్ని శవాలు ఉండేవి కావు.

బావకి ఇదంతా ఫోనులో అరగంట చెప్పాను. ఆయన అంతా విని, "అయితే కళ్ళకి మంచిదన్నది అబద్ధం, నెమ్మదిగా ఉండటమే గొప్ప, అంతేనా?" అన్నాడు. అంతే అన్నాను. "మరి దాంట్లో నువ్వు కొన్న పుస్తకాలు ఎక్కడున్నాయి?" అన్నాడు.

నేను ఎదురుచూడని ప్రశ్న అది. లిబ్రియే సంగతి గుర్తుంచుకోమన్నాను కదా. 60 రోజుల గడువు ఇప్పుడు లేదు గానీ గడువు అన్నది పోలేదు, ఎప్పుడో మనకి చెప్పరు, అంతే. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ షాపు మూసేసినప్పుడు జనం కొన్న పుస్తకాలు కూడా వాళ్ళ దగ్గర్నించి పోయాయి, డబ్బులు వెనక్కిచ్చారు, పుస్తకాలు మాత్రం లేవు. తెర ఎంత కదలకుండా ఉంటే ఏం, దాని వెనకున్న ఫైలు రాత్రికి రాత్రి కదిలిపోవచ్చు. నేను పొగుడుతున్న నిలకడంతా ఆ పైపొరదే, కింద అంతా అద్దె ఇల్లు. దీనికి నా దగ్గర జవాబు లేదు, తాళం లేని ఫైళ్ళు అమ్మేచోట కొనుక్కుని కాపీ దాచుకోవడం తప్ప, అది ఎంతమంది చేస్తారో, నేనే అన్నిసార్లూ చెయ్యను.

ఆ విరిగిన రీడర్లోని పుస్తకం అలా దాచుకోనిది. బావ ఫోను పెట్టేశాక ఆ తలుపు వెనక ఏముందో చూద్దామని కూర్చున్నా. కొన్న షాపు మూసేసి మూడేళ్ళయిందట, పాత అకౌంటుతో లాగిన్ అయితే ఖాళీ పేజీ ఒకటి వస్తోంది. వేరేచోట వెతికాను, ఆ పుస్తకం ఈ-బుక్‌గా ఎక్కడా లేదు, అచ్చు కాపీ కూడా దొరకలేదు. సొరుగు తీసి ఆ సగం పేజీ ఇంకోసారి మొదట్నించీ చదివాను, పదకొండు లైన్లున్నాయి.